'విస్పర్ ఆఫ్ ద హార్ట్' ఎలా చూడాలి?

"బాగుంది కానీ ఏమీ జరగలేదు" అంటారు చాలామంది. వినీవినీ విసుగొచ్చింది. ఇది 1995లో జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీ తీసిన సినిమా. దర్శకుడు యోషిఫుమి కొండో మరో పూర్తి నిడివి సినిమా తీయకుండానే 1998లో, 47 ఏళ్లకే పోయారు. దీన్ని ఫోన్ చూసుకుంటూ చూడకూడదు.

1. పెద్ద తెర, చీకటి గది, 111 నిమిషాల తీరిక ఉండాలి. జపనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. డబ్బింగ్ వద్దు. టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. చేత్తో గీసిన ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేములపాటు నిలుపుతారు. మధ్యలో టీవీ తన సొంత బొమ్మలు చొప్పిస్తే నడక కూడా జారుతున్నట్టు కనిపిస్తుంది.

2. లైబ్రరీ కార్డులు, రైలెక్కే పిల్లి, టోక్యో శివారు కొండమీద పాత వస్తువుల దుకాణం... ఇవి వాటంతటవే అర్థమవుతాయి.

3. దుకాణం కింది గదిలో పాట వస్తుంది. అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే. పాట కదా అని టీ పెట్టుకోవడానికి లేస్తారు, లేదా ముందుకు జరిపేస్తారు. కదలకండి! వయొలిన్ వాయించమని కథానాయిక షిజుకు అక్కడి అబ్బాయిని అడుగుతుంది. నువ్వు పాడితేనే అంటాడు అబ్బాయి. ముందు అతని చేతులు చూడండి. ఊరికే అటూ ఇటూ ఊపే కమాను కాదు, తీగల మీద వేళ్లు స్వరాన్ని బట్టి మారతాయి. తర్వాత ఆమె ముఖం చూడండి. బెరుకుగా మొదలుపెట్టి, తాను పాడుతున్న సంగతే మర్చిపోతుంది. అంతలో అబ్బాయి తాతగారు, ఆయన స్నేహితులు వచ్చి తలో వాద్యం అందుకుంటారు.

లైబ్రరీ పుస్తకాల కార్డుల మీద, తనకంటే ముందే వాటిని చదివినవాడిగా ఇన్నాళ్లూ చూసిన పేరు ఇతనిదేనని అప్పటికి ఆమెకు తెలియదు. పాట అయ్యాకే తెలుస్తుంది. అంటే ముందు కలిసి పాడారు, తర్వాత పేరు తెలిసింది. మొదటిసారి నేనూ ఈ వరుస గమనించలేదు. పక్కనున్నవాళ్లకు పేరు ముందే చెప్పేసి ఆ నిమిషాన్ని పాడుచేయకండి.

ప్రేమకథ అంటే పెద్ద డైలాగులు ఉండాలనుకునేవాళ్లు ఇక్కడే నిరాశపడతారు. ఇందులో ప్రేమంతా చేతుల్లోనే ఉంది.

4. చివర్లో తెల్లవారుజామున అతను ఆమెను సైకిల్ మీద ఎక్కించుకుని కొండెక్కుతుంటాడు. ఆమె దిగి వెనక నుంచి తోస్తుంది. పెళ్లి మాట తర్వాత వస్తుంది, దాని సంగతి వదిలేయండి. ఆ తోయడం మాత్రం వెనక్కి జరిపి ఇంకోసారి చూడండి.