హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులు, బాలింతలు: ఏ మాత్ర ఏ వేళకు?

హెచ్‌ఐవీ ఉన్న గర్భిణికి మందులు రెండు చోట్ల నుంచి వస్తాయి. హెచ్‌ఐవీకి చికిత్స (ఏఆర్‌టీ) ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో టీఎల్‌డీ అనే హెచ్‌ఐవీ మాత్ర, పీహెచ్‌సీలో ఐరన్, కాల్షియం. అన్నీ ఒకే డబ్బాలో వేసి, పడుకోబోయే ముందు ఒకేసారి మింగేస్తే చిక్కు వస్తుంది.

టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్ వైరస్ ఎంజైమ్‌లో ఉండే మెగ్నీషియాన్ని పట్టుకుని దాని పని ఆపుతుంది. పట్టుకునే ఆ గుణమే కడుపులో చేటు తెస్తుంది. ఐరన్, కాల్షియం, జింక్ ఎదురైతే వాటికి అతుక్కుపోయి, మందు రక్తంలోకి సరిగా ఎక్కదు. ఒక్క పూట కూడా మానకపోయినా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) దిగకపోవచ్చు.

ఖాళీ కడుపున అయితే టీఎల్‌డీ వేసుకున్నాక కనీసం 2 గంటలకు ఐరన్, కాల్షియం. అవే ముందు వేసుకుంటే టీఎల్‌డీకి 6 గంటలు ఆగాలి. అన్నం తింటూ కలిపి వేసుకుంటే మాత్రం ఇబ్బంది లేదు. కాబట్టి ఒకరోజు భోజనంతో అన్నీ మింగేశామని కంగారుపడి ఇంకో టీఎల్‌డీ వేసుకోవద్దు. గ్యాస్ మందులకు ఈ వెసులుబాటు లేదు. జెలుసిల్, డైజీన్ లాంటి వాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. అన్నం తిన్నా సరే, 2 గంటలు, 6 గంటల లెక్క తప్పదు. నెలలు నిండేకొద్దీ గుండెల్లో మంట పెరుగుతుంది, రాత్రిపూట చెయ్యి ఆ సీసా మీదికే పోతుంది. జాగ్రత్త.

రోజుకు సరిపోయే వరస ఇది: 8 గంటలకు టిఫిన్‌తో కాల్షియం, 11కి నిమ్మరసంతో ఐరన్, 2కి అన్నంతో రెండో కాల్షియం, రాత్రి 9కి టీఎల్‌డీ. కాల్షియం పక్కన ఉంటే ఐరన్ ఒంటపట్టదు, టీ కాఫీలతోనూ అంతే. విరేచనం నల్లగా అయితే అది ఐరన్ రంగే.

మోతాదు: 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర కడుపుతో ఉండగా 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. 500 మి.గ్రా. కాల్షియం మాత్ర 14వ వారం నుంచి రోజుకు రెండు, పాలిచ్చే మొదటి 6 నెలలూ. జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవారికి రక్తం తగ్గే ముప్పు ఎక్కువ, హిమోగ్లోబిన్ చూపించుకుంటూ ఉండాలి. టీబీ రాకుండా ఐసోనియాజిడ్ ఇస్తుంటే విటమిన్ బి6 కూడా ఉందో లేదో అడగండి.

బలం కోసమని విటమిన్ ఏ మాత్రలు కొనవద్దు. ఏఆర్‌టీ అందుబాటులో లేని రోజుల్లో, 1995లో టాంజానియాలోని దారెస్సలాంలో 1,078 మంది గర్భిణులపై మొదలైన పరిశోధనలో బి, సి, ఇ విటమిన్లు మేలు చేశాయి. విటమిన్ ఏ, బీటా కెరోటిన్ ఇచ్చిన తల్లుల నుంచి మాత్రం బిడ్డలకు వైరస్ సోకడం పెరిగింది. ఆ బి, సి, ఇల మేలు చూసి ఇప్పుడు పెద్ద మోతాదు మల్టీవిటమిన్లు మొదలుపెట్టడమూ సరికాదు. ఏఆర్‌టీ వాడుతున్నవారిపై 2012లో వెలువడిన పరిశోధనలో అవి అదనపు లాభం ఇవ్వకపోగా కాలేయ ఎంజైమ్‌ను పెంచాయి. బిడ్డకు 9 నెలలకు పోసే విటమిన్ ఏ సిరప్ వేరే సంగతి, అది మానొద్దు.

కాన్పుకు ఆసుపత్రిలో చేరే రోజున ఈ వేళలు ఒక కాగితం మీద రాసి టీఎల్‌డీ డబ్బాకు చుట్టి పెట్టుకోండి. వార్డులో మందులన్నీ ఒకే కప్పులో పోసి చేతికిస్తే, టీఎల్‌డీ తీసి రాత్రికి పక్కన పెడతానని చెప్పండి.