పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నానికి మసకేస్తోందా? కెరటోకోనస్ లెన్స్‌ల సమస్యలు - పరిష్కారాలు

"ఈ లెన్స్ నాకు పడలేదు, వేరేది రాయండి" అని వచ్చేవాళ్లను పరీక్షిస్తే చాలాసార్లు తప్పు లెన్స్‌ది కాదని తేలుతుంది. వేలకు వేలు పోసి మళ్లీ కొత్తది చేయించే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. లెన్స్ పెట్టడం, తీయడం, కడగడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు కుడి, ఎడమ చూడండి. కెరటోకోనస్ అంటే కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పలచబడి కోన్‌లా ముందుకు ఉబ్బే జబ్బు. రెండు కళ్ల కార్నియాలు ఒకేలా ఉబ్బవు. ఒక కంటికి చేసిన లెన్స్ రెండో కంట్లో పెడితే చూపు ఆనదు, గుచ్చుకుంటుంది కూడా. చాలా లెన్స్‌ల మీద చుక్కో, వేరే రంగో గుర్తుగా ఉంటుంది. మీవాటికి ఏ గుర్తుందో ఫిట్ చేసినవాళ్లను అడిగి తెలుసుకోండి. ఒకటి కంట్లో పెట్టాకే రెండోదాని మూత తీయండి. ఇంత చిన్న విషయం చూసుకోకుండా ఊళ్లు దాటి వచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పెట్టిన వెంటనే ఒకచోట మసక, గుండ్రటి నీడ

స్క్లెరల్ లెన్స్ (లోపల సెలైన్ నింపి పెట్టే, గిన్నెలాంటి పెద్ద లెన్స్) అయితే లోపల గాలి బుడగ చిక్కింది. రెప్ప మీద నొక్కితే అది పోదు. తీసేసి, లెన్స్ గిన్నె అంచుదాకా సెలైన్ నింపి, ముఖం చూసుకునే అద్దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, ముఖం పూర్తిగా నేలవైపు వంచి మళ్లీ పెట్టండి. తల కొంచెమే వంచితే సెలైన్ ఒలికిపోయి ఆ చోట గాలి చేరుతుంది.

ఆర్‌జీపీ (చిన్న, గట్టి) లెన్స్ గుచ్చుకుంటోంది

బండి మీద వెళ్తుంటే ఉన్నట్టుండి పొడిచినట్టయి నీళ్లు కారాయంటే, కింద దుమ్ము చేరింది. తీసి కడిగితే సరి. రోజూ గుచ్చుకుంటూ, వారం వారం పెట్టుకోగలిగే గంటలు తగ్గుతున్నాయంటే మాత్రం లెన్స్ కోన్ కొసను ఒరుసుకుంటోందేమోనని అనుమానించాలి. పళ్లు బిగబట్టి భరిస్తే కొస దగ్గర మచ్చ పడొచ్చు, మచ్చ పడితే ఏ లెన్స్‌తోనూ చూపు పూర్తిగా రాదు. ఆలస్యం చేయకుండా ఫిట్టింగ్ చూపించుకోండి. రోజ్-కె లాంటి కోన్ కోసం చేసిన డిజైన్లున్నాయి, కింద మెత్తటి లెన్స్ వేసి పైన ఆర్‌జీపీ పెట్టే పద్ధతి ఉంది, కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద కూర్చునే స్క్లెరల్ ఉంది.

పొద్దున స్పష్టంగా ఉండి, రెండు మూడు గంటల్లోనే పొగమంచులా

స్క్లెరల్ వాడేవాళ్లను బాగా ఏడిపించేది ఇదే. పవర్ మారిందనుకుని పవర్ మార్పిస్తారు, లెన్స్ బాగోలేదనుకుని కంపెనీ మారుస్తారు. మసక అలాగే ఉంటుంది. మసక లెన్స్ పైన ఉందా, కింద ఉందా అని చూడకపోవడం వల్లే ఇదంతా.

చూడటం తేలిక. దూదిపుల్లను సెలైన్‌తో తడిపి, లెన్స్ కంట్లో ఉండగానే దాని పైభాగాన్ని మెల్లగా తుడవండి. గోడ మీది క్యాలెండర్ అంకెలు వెంటనే తేటపడ్డాయంటే మురికి పైన ఉంది. అప్పుడు ముందు చేతులనే అనుమానించండి. తలకు కొబ్బరినూనె రాసిన చేతులు, క్రీము కలిసిన హ్యాండ్‌వాష్, కాటుక... ఏదైనా సరే, జిడ్డు ఒకసారి లెన్స్‌కు అంటిందంటే కన్నీరు దాని మీద సమంగా పరుచుకోదు. క్రీము లేని సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరబెట్టుకుని లెన్స్ పెట్టండి. నూనె, కాటుక ఆ తర్వాతే.

తుడిచినా తేటపడకపోతే లెన్స్ తీసి, లోపలి సెలైన్‌ను నల్లటి గుడ్డకు ఎదురుగా పట్టి చూడండి. పొద్దున నీళ్లలా పోసింది పలచటి పాలలా కనిపిస్తే మురికి కింద చేరింది. కొత్త సెలైన్ పోసి పెడితే చూపు మళ్లీ శుభ్రంగా ఉంటుంది, రెండు గంటలయ్యాక మళ్లీ అదే కథ. అంటే పవర్‌కు ఏ పాపం తెలియదు.

చాలామంది పట్టించుకోని కారణం పైరెప్ప లోపల ఉంటుంది: అలర్జీ. మన దగ్గర కెరటోకోనస్ ఉన్న కుర్రవాళ్లలో చాలామందికి చిన్నప్పటి నుంచీ కంటి దురద ఉంటుంది. రెప్ప తిప్పి చూస్తే లోపల బుడిపెలు కనిపిస్తాయి. అవి ఊరించే తీగల్లాంటి పుసి అంచు కింద నుంచి లెన్స్‌లోకి చేరుతుంది. పొద్దున లేవగానే కంటి మూలలో సాగే పుసి, ఎండాకాలంలో ఎక్కువయ్యే దురద, కళ్లు నులిమే అలవాటు ఉంటే ముందు అలర్జీకి వైద్యం జరగాలి. డాక్టర్ రాసిన అలర్జీ చుక్కలు లెన్స్ పెట్టడానికి కనీసం పావుగంట ముందు వేయండి. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం మెడికల్ షాపులో మీ అంతట మీరు కొని వాడొద్దు. అవి కంటి ఒత్తిడి పెంచి గ్లకోమా తెస్తాయి, శుక్లాలూ తెస్తాయి. దురద తగ్గిందని నెలల తరబడి వేసుకుని చూపు పోగొట్టుకున్న పిల్లలున్నారు.

అలర్జీ అదుపులోకి వచ్చాక కూడా పాలనీళ్లు చేరుతుంటే, అప్పుడు లెన్స్ అంచు సంగతి. తెల్లగుడ్డు అన్ని దిక్కులా ఒకే వంపులో ఉండదు, అందుకే అంచు ఒకచోట లేచి లోపలికి దారిస్తుంది. నిలువుకీ అడ్డానికీ వేర్వేరు వంపులున్న టోరిక్ అంచు చేయమని అడగండి. ఈలోగా మధ్యాహ్నం ఒకసారి తీసి సెలైన్ మార్చుకోండి. ప్రిజర్వేటివ్ లేని చిక్కటి లూబ్రికెంట్ చుక్కలు కొన్ని సెలైన్‌లో కలపొచ్చేమో ఫిట్ చేసినవాళ్లను అడగండి. లెన్స్ గిన్నెలో పోయాల్సింది ప్రిజర్వేటివ్ లేని సెలైన్ మాత్రమే. లెన్స్ నానబెట్టే సొల్యూషన్ పోయొద్దు. కుళాయి నీళ్లు, మినరల్ వాటర్ అసలే వద్దు, అకాంథమీబా (నీళ్లలో ఉండే సూక్ష్మజీవి) ఇన్‌ఫెక్షన్ వస్తే కన్నుకే ప్రమాదం.

సాయంత్రానికి ఎరుపు, తీస్తుంటే రాకపోవడం

పెట్టినప్పుడు బాగున్న స్క్లెరల్ కొన్ని గంటల్లో సుమారు వంద మైక్రాన్లు (మిల్లీమీటరులో పదో వంతు) కంటివైపు దిగి బిగుస్తుంది. క్లినిక్‌లో ఇరవై నిమిషాలు చూసి ఆర్డర్ పెట్టేస్తే అది తెలియదు. ట్రయల్ లెన్స్‌తో బయటికెళ్లి, భోంచేసి, మూడు నాలుగు గంటల తర్వాత మళ్లీ స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోప్) కింద చూపించుకోండి. లెన్స్ రానప్పుడు నడిమధ్య ప్లంజర్ (లెన్స్ తీసే చిన్న రబ్బరు సాధనం) పెట్టి లాగకండి. లూబ్రికెంట్ చుక్కలు వేసి, రెప్ప మీంచి అంచు పక్కన మెల్లగా నొక్కి పట్టు విడిపించి, ప్లంజర్‌ను అంచు దగ్గర పెట్టి తీయండి.

లెన్స్ సరిగ్గానే ఉంది, నెలనెలా చూపు తగ్గుతోంది

టోపోగ్రఫీ (కార్నియా వంపుల పటం) తీయించి పాతదానితో పోల్చమనండి. కోన్ పెరుగుతుంటే, ముఖ్యంగా ఇరవై ఏళ్ల లోపు వాళ్లలో, సి3ఆర్ (కార్నియాను గట్టిపరిచే చికిత్స) గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. అది పెరుగుదలను ఆపడానికి, లెన్స్ మాన్పించడానికి కాదు.

మిగిలినవి అరుదు. లెన్స్‌కు పగులు ఉంటే మార్చడమే. ఉన్నట్టుండి నొప్పితో నల్లగుడ్డు తెల్లబడినా, ఎర్రబడి వెలుతురు చూడలేకపోతున్నా, లెన్స్ తీసేసి ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లండి.

ఫిట్టింగ్ చూపించుకోవడానికి వెళ్తుంటే లెన్స్ పెట్టుకునే వెళ్లండి, ఎన్నింటికి పెట్టారో, ఎన్నింటికి మసకేసిందో రాసుకోండి. టోపోగ్రఫీ కోసమైతే దానికి ముందు కొన్ని రోజులు లెన్స్ మానాలి. ఎన్ని రోజులో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్‌లో అడగండి.