మెత్తబడిన బ్రేక్ పెడల్: నా అనుభవం

ముందు చక్రాల బ్రేక్ కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) మార్పించిన మర్నాటి నుంచే మా పాత కారు బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోయేది. రాయచోటి నుంచి కడపకు వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాను. బ్రేక్ ఆయిల్ మార్పించాను, బ్రేక్ గొట్టాల్లోని గాలి రెండుసార్లు తీయించాను, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండరూ మార్పించాను, ఫలితం లేదు.

చివరికి చక్రం నేనే విప్పాను. కాలిపర్‌కు గాలి తీసే నిపుల్ పైన ఉండాలి, కింద ఉంది! కుడి ఎడమ కాలిపర్లు తారుమారుగా బిగించారు. గాలి పైకే చేరుతుంది కదా, కింది నిపుల్ నుంచి ఎలా వస్తుంది? కారును స్టాండ్ల మీద నిలిపి, కాలిపర్లు అటుదిటు మార్చి, గొట్టాలకు కొత్త రాగి వాషర్లు వేశాను. మా అబ్బాయి పెడల్ తొక్కి పట్టుకున్నాక నిపుల్ వదులు చేశాను. బిగించాకే కాలు తీయమన్నాను. డబ్బాలో డాట్ 4 బ్రేక్ ఆయిల్ తగ్గనివ్వకుండా బుడగలు ఆగేదాకా చేశాం. పెడల్ గట్టిపడింది.

కాలిపర్లు విప్పకుండానే పెడల్ మెత్తబడితే కారణం వేరే కావచ్చు. ముందు లీకు చూడండి.