సిలిండర్ మీద రాత చదవడం ఇలా

యానాం వైపు నుంచి, అంతర్వేది నుంచి డైవింగ్ నేర్చుకోడానికి వచ్చే తమ్ముళ్లకి ముందుగా చెప్పేది ఇదే: సిలిండర్‌లో ఉండేది మామూలుగా ఒట్టి గాలే. 21 శాతం ఆక్సిజన్, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్.

ఆక్సిజన్ శాతం పెంచితే అది నైట్రాక్స్. ‘ఈఏఎన్ 32’ (ఎన్‌రిచ్డ్ ఎయిర్ నైట్రాక్స్) అని ఉంటే 32 శాతం ఆక్సిజన్ అన్నమాట. నైట్రోజన్ తగ్గింది కదా, ఇంకా లోతుకి దిగొచ్చు అనుకుంటారు చాలామంది. ప్రాణం మీదకొచ్చేది అక్కడే. ఆక్సిజన్ పాక్షిక పీడనం, అంటే పీల్చే గాలి మొత్తం ఒత్తిడిలో ఆక్సిజన్ వాటా, 1.4 బార్ దాటకూడదు (బార్ అంటే ఒత్తిడి కొలత). 1.4ని 0.32తో భాగించండి, 4.375 వస్తుంది. పైనున్న వాతావరణానికి ఒకటి తీసేసి, నీళ్లలో పది మీటర్లకి ఒక బార్ లెక్కన పదితో గుణిస్తే 33.75 మీటర్లు. 33 అనే రాసుకోండి. దాటితే నీళ్లలోనే ఫిట్స్ రావచ్చు.

ఎవరు నింపిచ్చినా సరే, ఆక్సిజన్ శాతం చూపే ఎనలైజర్‌తో మీరే కొలవండి. శాతం, గరిష్ఠ లోతు, తేదీ టేపు మీద రాసి అంటించండి. మన ఏటిగట్టు తేమకి టేపు ఊడిపోతుంది, ముందు సిలిండర్‌ని పొడిగుడ్డతో తుడవాలి.

ట్రైమిక్స్‌లో హీలియం కూడా కలుస్తుంది. ‘18/45’లో ముందుది ఆక్సిజన్, తర్వాతది హీలియం, మిగిలిన 37 నైట్రోజన్. హీలియాక్స్‌ అంటే హీలియం, ఆక్సిజన్ మాత్రమే; నైట్రోజన్ కలపరు. ఈ రెండూ బాగా లోతు పనులకి. ప్రత్యేక శిక్షణ లేకుండా వాటి జోలికి వెళ్లకండి.