ముసురు పట్టకముందే పొగాకు అడుగాకు చూసుకోండి

జోగులాంబ గద్వాల జిల్లా అలంపూర్, మానవపాడు, ఉండవల్లి వైపు నల్లరేగళ్లలో పొగాకు ఎదిగే రోజులకే బంగాళాఖాతంలో వాయుగుండాలు పడుతుంటాయి. రెండు మూడు రోజులు ముసురు పట్టి, ఆనక ఎండ కాస్తే కప్పకన్ను తెగులుకు, అంటే ఆకు మీద మచ్చలు తెచ్చే శిలీంద్ర తెగులుకు, మంచి అదను. ఇది ఎప్పుడూ కింది ఆకు నుంచి పైకి పాకుతుంది. గట్టు మీద నిలబడి చూస్తే చేనంతా పచ్చగానే ఉంటుంది. చేనులోకి దిగి, వంగి, అడుగాకు తిప్పి చూడాలి.

మచ్చ గుండ్రంగా, చుట్టూ ముదురు గోధుమ అంచుతో, నడుమ తెల్లగా కాగితంలా పలచబడి ఉంటుంది. ఆ తెలుపులో సన్నని నల్ల చుక్కలు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు, కప్పకన్నే. శిలీంద్ర బీజాలు అక్కడి నుంచే లేచి గాలికి, చినుకులకు పక్క ఆకుల మీద పడతాయి. మచ్చలో వలయం లోపల వలయం ఉండి, చుట్టూ పసుపు తిరిగితే అది వేరు, ఆల్టర్నేరియా అనే ఇంకో శిలీంద్రం తెచ్చే మచ్చ. ముదిరిన ఆకుకు, పొటాష్ చాలని చేనుకు అది ఎక్కువ. అలాగని చౌకగా వస్తుందని మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వేయకండి. అందులోని క్లోరైడ్ ఆకు మండే గుణాన్ని పాడుచేస్తుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయాలి. యూరియా ఎక్కువైనా, మొక్కలు ఒత్తుగా ఉన్నా గాలాడక తడి ఆరదు. అప్పుడు ఏ మందు కొట్టినా అంతంతే.

మందు కన్నా ముందు చేయాల్సింది, మచ్చ పడ్డ అడుగాకులు తెంపి చేను బయటికి తీసుకుపోయి కాల్చడం. సాళ్ల మధ్య పారేస్తే తెంపి లాభం లేదు. ఆ తర్వాత శిలీంద్రాన్ని చంపే మందు కార్బెండజిమ్ 50 శాతం పొడి, లీటరు నీళ్లకు అర గ్రాము. 16 లీటర్ల స్ప్రేయర్ డబ్బాకు 8 గ్రాములు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు పడితే 100 గ్రాములు. పొడిని నేరుగా డబ్బాలో పోస్తే గడ్డకట్టి నాజిల్ పూడుతుంది, ముందు చెంబు నీళ్లలో కలిపి పోయండి. ఆకు అడుగు కూడా తడవాలి. పది పన్నెండు రోజుల తర్వాత మళ్లీ అవసరమైతే మాంకోజెబ్ 75 శాతం పొడి లీటరుకు 2 గ్రాములు కొట్టండి. ప్రతిసారీ కార్బెండజిమే కొడితే శిలీంద్రం దానికి అలవాటు పడి లొంగదు. కొనే కంపెనీలు ఆకులో మందు అవశేషాలు చూస్తాయి కాబట్టి ఏది కొట్టినా ముందు వాళ్లనడగండి. కోతకు ముందు ఎన్ని రోజులు ఆపాలో ప్యాకెట్ మీద చూసుకోండి.

పండిన ఆకును ఇంకో వారం ఆగుదామని చెట్టు మీద ఉంచితేనే అసలు నష్టం. తెంపేనాటికి కంటికి కనబడని తెగులు, దండలు గుచ్చి ఆరవేశాక నల్ల మచ్చలై తేలుతుంది. అప్పుడు చేయగలిగేది లేదు, గ్రేడు పడిపోతుంది. అయితే మంచు ఆరకముందు, వాన తడిలో మాత్రం తెంపొద్దు. తడి ఆకు నుంచి నికోటిన్ ఒంట్లోకి దిగి కూలీలకు తల తిరుగుడు, వాంతులు పట్టుకుంటాయి. తప్పనిసరైతే చేతికి తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండాలి.

కోతలయ్యాక చేనులో మిగిలిన పొగాకు కట్టెలను అలాగే వదిలేసే వాళ్లే ఎక్కువ. వాటికి పిలకలొచ్చి, రాలిన ఆకు చెత్తలో శిలీంద్రం వచ్చే నారు దాకా బతికే ఉంటుంది. వేళ్లతో పీకి కాల్చేయండి. నారుమడి నిరుటి పొగాకు చేనుకు దూరంగా, నీరు నిలవని మెరకలో పోయండి. మచ్చ ఉన్న నారు ఎంత తక్కువకు వచ్చినా కొనకండి.