చిన్న లేత్‌కి కొలెట్ చక్ ఎక్కించడం

మాది స్ప్రేయర్ పంపులకు ఇత్తడి బుష్షులు చేసే పని. తెనాలిలో ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఒక మినీ లేత్. ఒకవైపు పని అయిపోయిన బుష్షును తిప్పి త్రీ జా చక్‌లో (మూడు దవడలతో ముక్కని పట్టే బిగింపు) పట్టిస్తే ఇత్తడి మీద దవడల గాట్లు పడేవి, రెండో వైపు సెంటరూ తప్పేది. రెండొందల బుష్షుల ఆర్డర్లో ముప్పై వెనక్కి వచ్చాక, ఇక లాభం లేదని ఈఆర్ 32 సైజు కొలెట్ చక్ కొన్నాను. కొలెట్ అంటే చీలికలున్న గొట్టం, నట్టు బిగిస్తే ముక్కని చుట్టూ సమానంగా పడుతుంది.

అమ్మినాయన "ఏ మెషిన్‌కైనా కూర్చుంటుందండీ" అన్నాడు. కూర్చోలేదు. నా స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) ముఖాన ఉన్న గుండ్రటి గట్టు 55 మి.మీ., చక్ వెనక గుంట 72. అందుకే కొనడానికి వెళ్లేటప్పుడు మీ స్పిండిల్ కొలతలు కాగితం మీద రాసుకుని, వెర్నియర్ జేబులో వేసుకుని వెళ్లండి. గట్టు వ్యాసం, గట్టు ఎత్తు, బోల్టు రంధ్రాలున్న వృత్తం వ్యాసం, ఈ మూడూ చాలు. కొలత కలవకపోతే స్పిండిల్‌కీ చక్‌కీ మధ్యలో బ్యాక్ ప్లేట్, అంటే రెంటినీ కలిపే ఇనప బిళ్ల చేసుకోవాలి.

దానికన్నా ముందు పాత చక్ విప్పి స్పిండిల్‌ని చూడండి. విప్పేటప్పుడు బెడ్ మీద చెక్క వేయండి, చక్ జారితే వేళ్లూ పోతాయి, బెడ్డూ పోతుంది. స్పిండిల్ ముఖాన్ని డీజిల్ గుడ్డతో తుడిచి, గోటితో రాసి చూడండి. నా దాంట్లో ఒక బోల్టు రంధ్రం అంచున సన్నటి బర్రు (పైకి లేచిన లోహపు అంచు) గోటికి తగిలింది. ఆయిల్ స్టోన్‌తో దాన్ని తీసేశాక డయల్ గేజ్ (గీతకి 0.01 మి.మీ. చూపే ముల్లు పరికరం) పెట్టి, చేత్తో తిప్పుతూ గట్టునీ ముఖాన్నీ చూశాను. ముల్లు ఒక గీత కూడా దాటలేదు. ఇక్కడే ముల్లు ఊగుతుంటే తర్వాత ఎన్ని తంటాలు పడ్డా చక్ తిన్నగా రాదు.

ప్లేటుకి 105 మి.మీ. వ్యాసం, 20 మందం ఉన్న పోత ఇనుము ముక్క తీసుకున్నాను. నా చిన్న చక్‌లో అది పట్టదు కాబట్టి వెనక వైపు పని పక్క వీధిలో పెద్ద లేత్ మీద చేయించాను. ఆ వైపు 55 గుంట స్పిండిల్ గట్టు మీద బిగుతుగా కూర్చోవాలి, ఆడకూడదు. గుంట లోతు గట్టు ఎత్తు కన్నా అర మి.మీ. ఎక్కువ ఉంచాలి. ఆనాల్సింది ముఖాలు, గుంట అడుగు కాదు. స్పిండిల్‌కి బిగించే ఎం6 స్టడ్లకి (6 మి.మీ. మర కడ్డీలు) 66 వృత్తం మీద 5 మి.మీ. డ్రిల్లు వేసి ట్యాప్‌తో మర కొట్టాలి. ఈ రంధ్రాలు అవతలికి తేలకూడదు, ఎందుకంటే వాటి అంచు ముందు వైపు చక్ కోసం చేసే 72 గట్టు అంచు దాకా వస్తుంది.

ముందు వైపు మాత్రం ప్లేటుని మన స్పిండిల్‌కే బిగించి, అక్కడే కోయాలి. అప్పుడే దాని సెంటరు మన మెషిన్ సెంటరు అవుతుంది. ఫేసింగ్ చేసి, అంటే ముఖాన్ని చదునుగా కోసి, గట్టుని 72 కాకుండా 71.8కి దించాను. తప్పు కోత కాదది, కావాలనే. చక్‌ని అటూ ఇటూ జరపడానికి ఆ కాస్త సందు కావాలి.

చక్‌కి ఎం8 బోల్టులు, 84 వృత్తం మీద. చక్‌ని ప్లేటు మీద పెట్టి, దాని రంధ్రాల్లోంచే గుర్తులు వేసుకుని, 6.8 డ్రిల్లు, తర్వాత ట్యాప్. స్టడ్ల రంధ్రాలకీ వీటికీ మధ్య 60 డిగ్రీల ఎడం ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు అసలు పని. బోల్టులు చేత్తో బిగిసేంత మాత్రమే బిగించి, డయల్ మొనని చక్ బయటి ఒంటి మీద కాదు, లోపలి టేపర్ (సన్నబడే వాలు) మీద పెట్టండి. కొలెట్ కూర్చునేది అక్కడే. నాకు మొదట 8 గీతలు చూపించింది, అంటే 0.08. తప్పినది అందులో సగమే, 4 గీతలు. ముల్లు తక్కువ చూపిన వైపు నైలాన్ సుత్తితో చిన్నగా తట్టి, తిప్పి, మళ్లీ చూడాలి. నాకు ఇరవై నిమిషాలు పట్టింది. గీత లోపలికి వచ్చాక బోల్టులు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, వరస మారుస్తూ బిగించండి. ఒకటే పూర్తిగా బిగిస్తే మళ్లీ జరుగుతుంది. అయ్యాక ప్లేటుకీ స్పిండిల్‌కీ ఎదురెదురుగా సెంటర్ పంచ్‌తో చుక్క కొట్టాను, మళ్లీ విప్పినా అదే చోట బిగించడానికి.

కొలెట్ వేయడంలో నేను చేసిన తప్పు చెబుతాను. దాన్ని నేరుగా చక్‌లోకి తోసి, పైన నట్టు బిగించాను. పని బాగానే అయింది, నట్టు విప్పితే కొలెట్ మాత్రం రాలేదు. వెనక నుంచి రాడ్ పెట్టి కొడితే అంచు పగిలింది. నట్టు లోపల కాస్త పక్కకి ఉన్న రింగు ఒకటి ఉంటుంది. కొలెట్‌ని ముందు నట్టులో వాల్చి, ఆ రింగు గాడిలో పడేలా నొక్కాలి. టక్ మని వినిపిస్తుంది. ఆ తర్వాతే రెండూ కలిపి చక్‌కి ఎక్కించాలి. విప్పేటప్పుడు కొలెట్‌ని బయటికి లాగేది ఆ రింగే. జాబ్ (కోయాల్సిన ముక్క) పెట్టకుండా నట్టు బిగించకండి, కొలెట్ నలిగిపోతుంది. 12 కొలెట్ పట్టేది 11 నుంచి 12 దాకానే.

చివరగా 12 మి.మీ. ఎండ్‌మిల్ షాంకు (మిల్లింగ్ కత్తి నున్నటి కాడ) బిగించి నోటి దగ్గర చూస్తే రెండు గీతలు వచ్చింది. నా బుష్షులకి ఆ మాత్రం కచ్చితత్వం చాలు. ఇత్తడి రాడ్ పెట్టాక మా తమ్ముడి కొడుకు వెనక వైపు చూసి, "పెదనాన్నా, రాడ్ మూర పొడుగు వేలాడుతోంది" అన్నాడు. ఆపి కోసేశాను. స్పీడ్ మీద ఆ రాడ్ వంగి కొరడాలా కొడితే వెనక నిలబడ్డవాడి పని అంతే.