ఫోరెన్సిక్ శాస్త్రం, 4వ పాఠం: పది వేళ్లు, ఒక భిన్నం

పోయిన పాఠంలో ప్రయోగశాల విభాగాలను చూశాం. రక్తం, డీఎన్‌ఏ ఒకచోట, విషాలు ఇంకోచోట, తుపాకులు మరోచోట. మరి వేలిముద్రలు ఏవని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. మన దేశంలో చాలా రాష్ట్రాల్లో వేలిముద్రల బ్యూరో పోలీసు శాఖలో విడిగా పనిచేస్తుంది. ఈ విద్య పెరిగింది ప్రయోగశాలలో కాదు, రికార్డు గదిలో.

పాత నేరస్థుడు పేరు మార్చుకుని మళ్లీ దొరికితే, వేల కార్డుల్లోంచి అతని పాత కార్డును బయటికి తీయడం ఎలా? కలకత్తాలో 1897లో ఏర్పడిన బ్యూరో ముందున్న చిక్కు ఇదే. బెంగాల్ పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ దారి చూపారు. పద్ధతికి హెన్రీ పేరే నిలిచిపోయింది. లెక్క కట్టిన హక్‌ను తలచుకోకుండా ఈ పాఠం చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇప్పుడు పని మొదలుపెట్టండి. కాగితం మీద పెన్సిలును గట్టిగా రుద్ది, ఆ నలుపులో వేలు అద్దండి. వేలి మీద పారదర్శకమైన టేపు అంటించి, మెల్లగా ఊడదీసి తెల్ల కాగితం మీద అతికించండి. పది వేళ్లకూ ఇలాగే చేయండి.

చిన్నప్పుడు వేళ్ల మీద శంఖులెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టుకున్నాం కదా, ఇక్కడా అవే పనికొస్తాయి. గీతలు కేంద్రం చుట్టూ తిరిగితే చక్రం. ఒక పక్క నుంచి వచ్చి, వంపు తిరిగి అదే పక్కకు పోతే శంఖం. ఒక పక్కన మొదలై, మధ్యలో కాస్త లేచి అవతలి పక్కకు దిగిపోతే విల్లు. తికమకపడితే డెల్టా కోసం వెతకండి. మూడు దిక్కుల గీతలు ఎదురుపడే చిన్న ముక్కోణమే డెల్టా. శంఖానికి ఒకటి, చక్రానికి రెండు ఉంటాయి. బొటనవేలి మీద రెండు శంఖాలు పెనవేసుకున్నట్టు కనిపిస్తే దాన్నీ చక్రంగానే లెక్కించాలి.

కుడి బొటనవేలు 1, అక్కడి నుంచి కుడి చిటికెనవేలు 5. ఎడమ బొటనవేలు 6, ఎడమ చిటికెనవేలు 10. మొదటి రెండు వేళ్ల విలువ పదహారేసి, తర్వాతి జతలకు వరుసగా 8, 4, 2, 1. చక్రం ఉన్న వేలికే విలువ. సరిసంఖ్య వేళ్ల మొత్తానికి 1 కలిపితే లవం, బేసిసంఖ్య వేళ్ల మొత్తానికి 1 కలిపితే హారం.

ఒకరికి 1, 4, 6 వేళ్ల మీద చక్రాలున్నాయనుకుందాం. లవం 8+4+1, అంటే 13. హారం 16+1, అంటే 17. ఆ కార్డు 13/17 అరలోకి వెళ్తుంది. ఒక్క చక్రమూ లేకపోతే 1/1, పదీ చక్రాలైతే 32/32. మొత్తం 1,024 అరలు. వెతికేవారు నేరుగా ఒక్క అర ముందుకే వెళ్తారు.

అర కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. ఒకే భిన్నం ఎందరికో వస్తుంది. మనిషిని తేల్చేవి గీతలు ఆగిపోయే చోట్లు, రెండుగా చీలే చోట్లు. ఇంకో చిక్కు, నేరస్థలంలో దొరికేది తరచుగా ఒకటి రెండు వేళ్ల ముద్రే. పదీ లేనిదే ఈ భిన్నం కట్టలేం.

మీ భిన్నాన్ని, ఇంట్లో మరో ఇద్దరి భిన్నాలను రాసిపెట్టుకోండి. టేపు ముద్రలను పారేయకండి. వచ్చే పాఠంలో వాటిమీదే శంఖం నడిమి బిందువు నుంచి డెల్టా వరకు గీతలు లెక్కపెడతాం.